నడుము 90 దాటింది, వీఐఏ నెగటివ్ వచ్చింది. కేన్సర్ భయం లేదని చెప్పేయొచ్చా?

కావలి_సీహెచ్‌ఓ:

సీబ్యాక్ ఫారం (షుగరు, బీపీ, కేన్సర్ లాంటి జబ్బుల ముప్పు అంచనా వేసే ప్రశ్నల పట్టిక) నింపేటప్పుడు 30 దాటిన ప్రతి ఒక్కరికీ నడుము కొలుస్తాం. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపుంటే సున్నా, 81 నుంచి 90 దాకా 1, 90 దాటితే 2. మగవాళ్లకు 90 లోపు సున్నా, 100 దాకా 1, ఆపైన 2. మొత్తం స్కోరు 4 దాటినవాళ్లను స్క్రీనింగ్‌కు ముందు పిలుస్తాం. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

ఈ టేపు ఎందుకమ్మా అంటే షుగరు, బీపీ అని చెప్తే తల ఊపుతారు. కేన్సర్‌కు కూడా అంటే ఒప్పుకోరు. "పొగాకు బ్యారన్ల కాడ బతికేవాళ్లం, పొగాకుతో వస్తాదంటే నమ్ముతాం, లావుతో ఎట్టొస్తాది?" అంటారు. దానికి సూటిగా, తప్పు లేకుండా ఏం చెప్పాలి? ఏయే కేన్సర్లకు సంబంధం ఉంది, ఎంత గట్టిగా ఉంది?

రెండో సంగతి. మా స్క్రీనింగ్‌లో ఉండేవి మూడే: నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం (దీనికి చేసేదే వీఐఏ). నడుము 95 ఉన్న 54 ఏళ్ల మనిషికి ఈ మూడూ బాగున్నాయని రాశాక, ఇంక చూడాల్సిందేమన్నా ఉంటుందా? మూడోది అన్నం. "సగం తగ్గించండి" అనే మాట ఏ ఇంట్లోనూ నడవదు, అంతకన్నా పనికొచ్చే లెక్క కావాలి. మేడమ్‌లు, సార్లు వీలున్నప్పుడు చెప్పండి.


ఎస్పీఎం_ఒంగోలు:

మంచి ప్రశ్న. ముందు జాబితా చెప్తాను, ఆ తర్వాత దాన్ని ఎలా చదవాలో చెప్తాను. జాబితా ఒక్కటే చేతికిస్తే భయపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పనిచేసే అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2002లో 5 రకాలకు అధిక బరువుతో సంబంధం ఉందని తేల్చింది. 2016లో మళ్లీ పరిశీలించి మరో 8 చేర్చింది. ఇప్పుడు మొత్తం 13: గర్భసంచి లోపలి పొర, నెలసరి ఆగాక వచ్చే రొమ్ము కేన్సర్, పెద్దపేగు-పురీషనాళం, కిడ్నీ, లివర్, పిత్తాశయం, పాంక్రియాస్, అండాశయం, థైరాయిడ్, అన్నవాహికలో అడినో రకం (గ్రంథి కణాల్లో పుట్టేది), జీర్ణాశయం పైభాగం, మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా, ఎముక మజ్జలో వచ్చే మల్టిపుల్ మైలోమా.

ఈ 13 ఒకే బరువున్నవి కావు. గర్భసంచి లోపలి పొర కేన్సర్ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 40 దాటినవాళ్లలో, మామూలు బరువు వాళ్లతో పోలిస్తే, సుమారు 7 రెట్లు ఎక్కువ. అన్నవాహిక అడినో రకం దాదాపు 5 రెట్లు. లివర్, కిడ్నీ, జీర్ణాశయం పైభాగం రెట్టింపుకు కాస్త తక్కువ. పాంక్రియాస్ ఒకటిన్నర రెట్లు. పెద్దపేగు 1.3 రెట్లు. అండాశయం, థైరాయిడ్ కొద్దిగా మాత్రమే. రొమ్ముకు వేరే లెక్క: నెలసరి ఆగిన వాళ్లలో బీఎంఐ ప్రతి 5 పెరిగితే సుమారు పదో వంతు ఎక్కువ. నెలసరి ఆగకముందు వచ్చే రొమ్ము కేన్సర్‌కు ఈ సంబంధం లేదు. ఆ తేడా చెప్పకుండా "లావుంటే రొమ్ము కేన్సర్" అని మీటింగుల్లో అనేస్తున్నారు, అది తప్పు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 7 రెట్లు అనగానే "ఏడుగురిలో ఒకరికి" అని వినేవాళ్లు ఉంటారు. రెట్లు అన్న మాట ఎప్పుడూ దేనికి రెట్లో చూసుకోవాలి. ఉదాహరణకు వెయ్యిమందిలో ముగ్గురికి వచ్చే జబ్బు రెట్టింపైతే ఆరుగురికి వస్తుంది, మిగతా 994 మందికి రాదు. కాబట్టి లావున్న మనిషికి కేన్సర్ వస్తుందని చెప్పకండి. వచ్చే అవకాశం పెరుగుతుందని, అందులో ఒకటి రెండు రకాలకు బాగా పెరుగుతుందని చెప్పండి.

పొగాకు మాటలో మీ ఊరివాళ్లదే సగం న్యాయం. నోటి కేన్సర్, ఊపిరితిత్తుల కేన్సర్ ఈ 13లో లేవు. మన దగ్గర ఎక్కువగా కనపడే అన్నవాహిక కేన్సర్ స్క్వామస్ రకం (పైపొర కణాల్లో పుట్టేది), దానికి పొగాకు, సారాయి ముఖ్య కారణాలు. చుట్టో గుట్కానో ఉన్న మనిషికి ముందు అది మాన్పించడమే పని, నడుము సంగతి తర్వాత. మానేశాక నాలుగైదు కిలోలు పెరిగితే బెంబేలు పడి మళ్లీ మొదలుపెట్టనివ్వకండి. ఆ కొవ్వు చేసే చెడు చుట్ట చేసేదాని ముందు చాలా చిన్నది.

బీఎంఐ గీతలు మనకు వేరే. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. 150 సెంటీమీటర్ల మనిషికి 23 అంటే 52 కిలోలు, 25 అంటే 56, 40 అంటే 90 కిలోలు. 165 సెంటీమీటర్ల మగమనిషికి 25 అంటే 68. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా 25 గీత దాటినవాళ్లే. అంటే మీ రిజిస్టర్లో ప్రతి మూడో పేరు.


గైనిక్_నెల్లూరు:

రెండో ప్రశ్నకు జవాబు: ఆ మూడూ బాగున్నాయని కేన్సర్ భయం లేదని చెప్పేయకూడదు. ఈ ఒక్క సంగతి మీ పరిధిలోని ఏఎన్‌ఎంలకు, ఆశాలకు గట్టిగా చెప్పగలిగితే చాలు, మిగతా 12 కేన్సర్ల పేర్లు గుర్తుండకపోయినా పర్లేదు.

వీఐఏలో మనం చూసేది గర్భసంచి ముఖద్వారం. ఎసిటిక్ యాసిడ్ పూసి నిమిషం ఆగి తెల్లమచ్చ పడిందా లేదా అని చూస్తాం. ఆ కేన్సర్‌కు కారణం హెచ్‌పీవీ వైరస్. బరువుతో ముడిపడింది గర్భసంచి లోపలి పొరలో వచ్చేది, వీఐఏకి అది కనపడదు. వాకిట్లో నిలబడి వంటింట్లో పొయ్యి ఆరిందో లేదో చెప్పడం లాంటిది. పైగా నెలసరి ఆగాక ముఖద్వారంలో మనం చూడాల్సిన భాగం కూడా లోపలికి జరిగిపోతుంది, ఆ వయసులో వీఐఏ మీద నమ్మకం ఇంకా తగ్గుతుంది. "గర్భసంచి పరీక్ష చేశాం, బాగుంది" అని చీటీ మీద రాయడం వల్ల జరిగే నష్టం ఇదే. ఆరు నెలల తర్వాత రక్తం కనపడితే ఆ మనిషి "మొన్ననే చూపించుకున్నా గదా" అని ఊరుకుంటుంది. చీటీలో "ముఖద్వారం" అనే రాయండి.

లావుతో ఎలా వస్తుందన్నదానికి ఊరివాళ్లకు చెప్పే పద్ధతి. అండాశయాలు పనిచేసే వయసులో రెండు హార్మోన్లు వస్తాయి. ఈస్ట్రోజెన్ లోపలి పొరను పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలను ఆపి నెలనెలా రాలగొడుతుంది. ముట్లుడిగాక అండాశయాలు రెండూ ఆపేస్తాయి. కానీ కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. కొవ్వు ఎంత ఎక్కువుంటే అంత తయారీ. ఆపే ప్రొజెస్టిరాన్ మాత్రం లేదు. యూరియా చల్లుతూనే ఉండి కోత కొయ్యని చేను అనుకోండి. దానికి తోడు పొట్ట కొవ్వు వల్ల ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ పెరిగితే ఈస్ట్రోజెన్‌ను కట్టేసి ఉంచే ప్రొటీన్ లివర్లో తగ్గిపోతుంది, విడిగా తిరిగే ఈస్ట్రోజెన్ ఇంకా ఎక్కువవుతుంది. కణాలు విభజన చెందమని ఇన్సులిన్ సొంతంగా కూడా తోస్తుంది. పెద్దపేగు, పాంక్రియాస్ లాంటి చోట్ల ఈ ఇన్సులిన్ దారి, కొవ్వు వల్ల ఒళ్లంతా సన్నగా రాజుకునే వాపు, ఇవి పనిచేస్తాయి.

ఇప్పుడు అసలు పని. ఈ కేన్సర్‌కు స్క్రీనింగ్ పరీక్ష లేదు. లక్షణం లేని మనిషికి లావుందని స్కాన్ చేయించడం వల్ల ఉపయోగం కూడా లేదు. కానీ ఈ జబ్బుకు ఒక మంచి గుణం ఉంది, ముందే గంట కొడుతుంది. నెలసరి ఆగాక ఈ కేన్సర్ వచ్చిన వాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి రక్తం కనపడుతుంది. అటునుంచి చూస్తే, ముట్లుడిగాక రక్తం కనపడిన వాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికే కేన్సర్ ఉంటుంది. మిగతావాళ్లకు పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరుగుదలో. కాబట్టి భయపెట్టనక్కర్లేదు, వదలనూ కూడదు.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ముట్లాగి ఏడాదైందా? ఆ తర్వాత ఒక్కసారైనా మరక కనపడిందా?" ఒక్క మరకైనా లెక్కే. గులాబి రంగు నీళ్లలా పోవడం కూడా లెక్కే. "మళ్లీ ముట్టొచ్చింది, ఒంట్లో బలముంది" అని సంతోషించే వాళ్లుంటారు, వాళ్లను ముందు పంపండి.

పంపాక జరగాల్సింది: యోని ద్వారా చేసే స్కాన్‌లో (టీవీఎస్) లోపలి పొర మందం చూస్తారు. ముట్లుడిగిన మనిషికి 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే కేన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. 4 దాటితే పరీక్షకు ముక్క తీయాలి (బయాప్సీ). సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో, మత్తు లేకుండా ఓపీలోనే తీయొచ్చు, ముట్టు నొప్పి లాంటి నొప్పి కొద్దిసేపు ఉంటుంది. ఆ గొట్టం పొరలో కొంత భాగాన్నే తెస్తుంది. అందుకే రిపోర్ట్ బాగుందని వచ్చినా, స్కాన్‌లో మందం తక్కువే అన్నా, మళ్లీ రక్తం కనపడితే అక్కడితో ఆపకుండా హిస్టెరోస్కోపీ (సన్నటి కెమెరాతో గర్భసంచి లోపల చూడటం) చేయించాలి. రొమ్ము కేన్సర్‌కు టామాక్సిఫెన్ వాడే వాళ్లలో పొర ఎలాగూ మందంగానే కనిపిస్తుంది, అక్కడ స్కాన్ కొలత పనికిరాదు. రక్తం కనపడితే నేరుగా ముక్క పరీక్షే.

ముట్లు ఇంకా వస్తున్న వాళ్లలో ఈ 4 గీత వాడకూడదు, నెలలో రోజును బట్టి మందం మారుతుంటుంది. 45 దాటి విపరీతంగా, లేదా వేళాపాళా లేకుండా రక్తం పోతుంటే ముక్క పరీక్ష. 45 లోపే అయినా బాగా లావుండి, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉండి, ఏళ్ల తరబడి నెలసరి గతి తప్పి ఉంటే వాళ్లకూ చేయాలి. పీసీఓఎస్ అమ్మాయికి మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే "రాకపోతే మంచిదే, రక్తం నిలబడుద్ది" అనే తల్లులకు చెప్పండి, పొర లోపలే పేరుకుంటోందని. గర్భం లేదని చూసుకుని ప్రొజెస్టిరాన్ కోర్సు ఇచ్చి రప్పించాలి. ముక్క పరీక్షలో హైపర్‌ప్లేసియా (పొర అతిగా పెరగడం) అని వచ్చి, కణాల్లో అటిపియా (కణాల ఆకారం తేడాగా మారడం) లేకపోతే అది కేన్సర్‌గా మారేది 20 ఏళ్లలో నూటికి 5 కన్నా తక్కువే. దానికి హార్మోన్ ఉన్న లూప్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. అటిపియా ఉంటే మాత్రం లెక్క వేరు, చాలామందికి సర్జరీ దాకా వెళ్తుంది.


కావలి_సీహెచ్‌ఓ:

మేడమ్, చీటీలో "ముఖద్వారం" అని రాయాలన్న మాట ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి. మా దగ్గర రక్తం ఎక్కువ పోతోందనగానే "గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుంది" అని తయారవుతారు. అది ఈ కేన్సర్‌కు మంచిదే అనుకోవాలా? ఇప్పటికే తీయించుకున్న వాళ్ల నడుము కొలవడం దండగా?


గైనిక్_నెల్లూరు:

2015–16 సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి లేదని తేలిన రాష్ట్రం మనది, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ. కాబట్టి ఈ ప్రశ్న రావాల్సిందే.

రక్తం పోతున్న మనిషికి ముక్క పరీక్ష చేయకుండా గర్భసంచి తీసేయడం తప్పు దారి. లోపల కేన్సరే ఉంటే చేయాల్సిన ఆపరేషన్ వేరు: రెండు ట్యూబులు, అండాశయాలతో సహా తీసి, లింఫ్ గ్రంథుల సంగతి చూసి, ఎంతవరకు పాకిందో తేల్చాలి. తెలియకుండా మామూలుగా తీసేస్తే ఆ సమాచారం పోతుంది, మళ్లీ పొట్ట తెరవాల్సి రావొచ్చు. ముక్కలు చేసి బయటికి తీసి ఉంటే మరీ ఇబ్బంది. కేన్సర్ లేకపోతే, మాత్రలతోనో లూప్‌తోనో తగ్గేదానికి అనవసరంగా కోత. ఎటు చూసినా ముక్క పరీక్ష ముందు. తీసిన గర్భసంచిని తప్పకుండా హిస్టోపాథాలజీకి (మైక్రోస్కోప్ కింద పరీక్షకు) పంపమని అడగాలి, ఆ కాగితం దాచుకోవాలి.

ఇప్పటికే తీయించుకున్న వాళ్లకు ఈ ఒక్క కేన్సర్ బెడద తీరింది. రొమ్ము, పెద్దపేగు, కిడ్నీ, పిత్తాశయం ఎక్కడికీ పోలేదు. అండాశయాలు కూడా తీసేసి ఉంటే చిన్న వయసులోనే ముట్లుడిగిన లెక్క, ఎముకలకూ గుండెకూ దెబ్బ. నడుము కొలవండి.


కనిగిరి_ల్యాబ్:

మగవాళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు మాటలు.

పెద్దపేగు విషయంలో బరువు ప్రభావం ఆడవాళ్లకన్నా మగవాళ్లలోనే ఎక్కువ. మలంలో రక్తం పడితే మొలలని చెప్పి ఆకు మందు తినడం మనకు అలవాటు. 45–50 దాటాక కొత్తగా రక్తం పడుతున్నా, విరేచనం అలవాటు కొన్ని వారాలుగా మారినా, మగమనిషికి కారణం లేకుండా హిమోగ్లోబిన్ తగ్గినా కొలనోస్కోపీ (కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) దాకా పంపాలి. హిమోగ్లోబిన్ 9 వచ్చిన మగమనిషికి ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తే, ఆ రక్తం ఎటు పోతోందో ఎవరూ వెతకనట్టే.

రెండోది ఫ్యాటీ లివర్. స్కాన్ కాగితం మీద "గ్రేడ్ 1", "గ్రేడ్ 2" అని ఉంటే దాన్నే పట్టుకుని కూర్చుంటారు. ఆ గ్రేడు కొవ్వు ఎంత ఉందో చెప్తుంది, లివర్ గట్టిపడిందా అన్నది చెప్పదు. లివర్ కేన్సర్ దగ్గరికి తీసుకుపోయేది ఎక్కువగా ఆ గట్టిపడటమే. దానికి ఎఫ్‌ఐబీ-4 అనే లెక్క ఉంది, మామూలు రక్తపరీక్షలతో వచ్చేస్తుంది. వయసును ఏఎస్‌టీతో గుణించండి (ఏఎస్‌టీ, ఏఎల్‌టీ రెండూ లివర్ రక్తపరీక్షలో వచ్చే ఎంజైములు). ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వయసు 50, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకుంటే: 2,000ను 1,400తో (200ను 7తో గుణిస్తే వచ్చేది) భాగిస్తే 1.43. 1.3 లోపుంటే గట్టిపడిన అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ డాక్టర్ దగ్గరికి. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ (లివర్ గట్టిదనం కొలిచే స్కాన్). 65 దాటినవాళ్లకు 1.3 బదులు 2.0 గీత వాడతారు. 35 ఏళ్ల లోపు వాళ్లకు ఈ లెక్క సరిగ్గా రాదు. ప్లేట్‌లెట్లను లక్షల్లో వేసి 143 వచ్చిందని బెదిరిపోయేవాళ్లు, 1.43ని గ్రేడు అనుకునేవాళ్లు ఇద్దరూ ఉంటారు, యూనిట్ చూసుకోండి. జ్వరంలో ఉన్నప్పుడు తీసిన రక్తంతో అసలు వేయొద్దు, డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి లెక్క ఆకాశానికి పోతుంది.

లావు, మందు రెండూ ఉంటే లివర్‌కు రెండు దెబ్బలు కలిసి పడతాయి. "ఫ్యాటీ లివర్‌కు నూనె మానేశా సార్" అని చెప్పి రాత్రి క్వార్టర్ వేసేవాళ్లకు ముందు ఆ క్వార్టర్ గురించే చెప్పండి.


ఒంగోలు_డైటీషియన్:

అన్నం సంగతి. సగం తగ్గించమంటే ఎవరూ తగ్గించరు, ఎందుకంటే దేనిలో సగమో ఎవరికీ తెలియదు. బియ్యం దగ్గర కొలవాలి, కంచంలో కాదు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు, ఉడికితే దాదాపు 300 గ్రాముల అన్నం. 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు నిండా బియ్యం దాదాపు 160 గ్రాములు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల రోజుకు చెప్పే పళ్లెంలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు. శ్రమ లేని 55 కిలోల ఆడమనిషికి ఆ సంస్థ లెక్కలోనే 1,660 కేలరీలు చాలు. బరువు తగ్గాలంటే ఇంకా కిందికి రావాలి. నేను చెప్పే లెక్క రోజుకు బియ్యం, దోశపిండి, రవ్వ అన్నీ కలిపి 150 గ్రాములు. అంటే గ్లాసుకు కొంచెం వెలితి, ఒక మనిషికి, రోజంతటికీ. ఇంట్లో అందరికీ కలిపి గంజి వార్చే చోట కూడా బియ్యం పోసేటప్పుడు తన వాటా తెలుస్తుంది.

తగ్గించిన చోట ఖాళీ వదిలితే మూడో రోజుకే పాత కంచం వచ్చేస్తుంది. పళ్లెంలో ముందు కూర, పప్పు పడాలి, తర్వాత అన్నం. కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు. పప్పు, గుడ్డు, చేప కలిపి 85 గ్రాములు. రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు అన్నవాళ్లు వాటిని నూనెలో కాల్చి ఆలుగడ్డ కూరతో తింటున్నారు, ఏమీ తగ్గదు. కొర్రలు, రాగులు కూడా అంతే. 100 గ్రాములకు 320–330 కేలరీలు, బియ్యం కన్నా పెద్ద తేడా లేదు. పీచు ఎక్కువ కాబట్టి కొంచెంతోనే కడుపు నిండుతుంది, అదే వాటి లాభం. ఆరోగ్యమని చెప్పి రెండు ముద్దల సంకటి ఎక్కువ తింటే ఆ లాభమూ పోయినట్టే.

నూనెకు నెల లెక్క నడుస్తుంది, రోజు లెక్క నడవదు. మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురికి నెలకు 3,240 గ్రాములు. లీటరు పాకెట్లో ఉండేది 910 గ్రాములు, అంటే మూడున్నర పాకెట్లు. నాలుగోది కత్తిరించిన తేదీ పాకెట్ మీదే రాసి ఉంచమనండి. నెల 20వ తేదీకే కత్తిరిస్తే తగ్గించాల్సింది ఎక్కడో వాళ్లకే తెలుస్తుంది.

నెల్లూరు చేపల పులుసు తినొద్దనే డైటు నెల్లూరులో బతకదు. తినకూడనిది కూడా కాదు. చేప ముక్క మంచిదే, చింతపండు పులుసులో తప్పేం లేదు. కిలో చేపకు 150 మిల్లీలీటర్ల నూనె పోస్తే నూనెలోనే 1,200 పైచిలుకు కేలరీలు, ఆరుగురు పంచుకుంటే తలా 200. 60 మిల్లీలీటర్లతో చేస్తే తలా 80. పైన నూనె తేలదు, మెంతిపొడి, మామిడికాయ వాసన ఎక్కడికీ పోదు. అసలు దెబ్బ మర్నాడు, పులుసు బాగా ఊరిందని చెప్పి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా అన్నం పెట్టుకోవడంలో ఉంది. కారం దోశ మీద చెంచా నూనె 45 కేలరీలు, మూడు చెంచాలకు 135. వారానికి ఒకటి తిననివ్వండి. మలై కాజా పండక్కి.

లక్ష్యం మొదటి ఆరు నెలల్లో 5 నుంచి 7 శాతం. 70 కిలోల మనిషికి మూడున్నర నుంచి 5 కిలోలు. ఇది మరీ చిన్నదిగా కనిపిస్తుంది కానీ, అమెరికాలో షుగరు అంచున ఉన్నవాళ్ల మీద చేసిన పెద్ద ప్రయోగంలో 7 శాతం లక్ష్యం, వారానికి 150 నిమిషాల నడకతో షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. ముట్లుడిగిన ఆడవాళ్ల మీద జరిగిన మరో పెద్ద అధ్యయనంలో, 5 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గిన వాళ్లలో గర్భసంచి లోపలి పొర కేన్సర్ దాదాపు 30 శాతం తక్కువగా కనిపించింది.

ఎనిమిదో వారం దగ్గర బరువు ఆగిపోతుంది, అందరికీ ఆగుతుంది. ఒళ్లు తేలికయ్యేకొద్దీ ఖర్చయ్యే కేలరీలు కూడా తగ్గుతాయి. అప్పుడు అన్నం ఇంకా కొయ్యకుండా నడక పెంచమనండి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 10 చొప్పున మూడు విడతలు చేయించండి. కొవ్వు బదులు కండ కరగకుండా ఉండేది దీంతోనే.


ఎస్పీఎం_ఒంగోలు:

దీనికి ఒక తోక. ప్రయత్నించకుండా బరువు తగ్గితే సంతోషించకండి. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు 5 శాతం దానంతట అదే తగ్గితే, అంటే 70 కిలోల మనిషి 66కు వస్తే, షుగరు, టీబీ, కేన్సర్ మూడూ వెతకాలి. సీబ్యాక్ ఫారంలో నడుము స్కోరు 2 నుంచి 1కి దిగిందని "మెరుగు" అని రాసే ముందు "మీరే తగ్గించుకున్నారా?" అని ఒక్క మాట అడగండి.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తా. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ బరువు బాగానే తగ్గిస్తాయి. కేన్సర్ రాకుండా చేస్తాయని చెప్పి ఎవరికైనా రాసే దశకు సాక్ష్యం రాలేదు. ఇంట్లో ఎవరికైనా మెడులరీ థైరాయిడ్ కేన్సర్ వచ్చి ఉంటే అవి వాడకూడదు. మందుల షాపులో కొనుక్కుని పొడుచుకునేవి కావు.


వింజమూరు_అబ్బాయి:

అడగొచ్చో లేదో గానీ, చేతుల మీద, వీపు మీద కొవ్వు గడ్డలుంటాయి గదా, అవి లావు వల్ల వచ్చి కేన్సర్ అవుతాయంటారు, నిజమా సార్?


ఎస్పీఎం_ఒంగోలు:

కాదు నాయనా. వాటిని లైపోమా అంటారు. సన్నటి వాళ్లకూ వస్తాయి, అవి కేన్సర్‌గా మారవు. మెత్తగా ఉండి వేలితో తోస్తే జారిపోతే వదిలేయొచ్చు. 5 సెంటీమీటర్లు దాటినా, తొందరగా పెరుగుతున్నా, గట్టిగా కండలో లోతుగా అతుక్కున్నట్టున్నా, నొప్పి పెడుతున్నా స్కాన్ చేయించాలి, అప్పుడది లైపోమా కాకపోవచ్చు.


బుచ్చి_ఏఎన్‌ఎం:

అన్నీ బానే చెప్పుండారు గానీ టేపు గురించి ఎవరూ చెప్పలా. కొలతే తప్పైతే స్కోరు ఏం లాభం? చీర మీద కొలిస్తే కుచ్చిళ్లు, లంగా నాడా ముడి కలిసి మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువొస్తాది. నాడా కట్టే చోటు నడుం కాదు, అది కిందికుంటాది. ఆఖరి పక్కటెముక అంచు, తుంటి ఎముక పైఅంచు, రెండూ వేలితో పట్టుకోని సరిగ్గా మధ్యన టేపు పెట్టాల. పైటను పక్కకు పెట్టి ఒంటి మీదే. గాలి మామూలుగా వదిలాక కొలవాల, కొలిచేటప్పుడు అందరూ పొట్ట లోపలికి పీలుస్తారు, రెండు మాటలు మాట్లాడించండి, వదిలేస్తారు. టేపు వెనకపక్క కిందికి జారిందేమో చూసుకోండి. మగోళ్లకు లుంగీ ముడి కూడా ఇంతే. గుడ్డ టేపు వాడేకొద్దీ సాగుతాది, నెలకోసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడండి, తేడా వస్తే పారేయండి. టైలర్ టేపులో అంగుళాలే ఉంటే 80 అంటే 31న్నర, 90 అంటే 35న్నరకు కొంచెం తక్కువ. ఎత్తు కొలిచేటప్పుడు కొప్పు విప్పించండి, కొప్పు మీద పలక పెడితే బీఎంఐ తగ్గిపోతాది.


కావలి_సీహెచ్‌ఓ:

అక్కా, నాడా సంగతి నిజం, రేపటి నుంచే సరిచేస్తాం. గైనిక్ మేడమ్, ఆఖరిగా ఒకటి. ముట్లుడిగాక మరక కనపడిన మనిషిని పెద్దాసుపత్రికి పంపేటప్పుడు రిఫరల్ చీటీ మీద ఏం రాస్తే తిప్పి పంపకుండా చూస్తారు?


గైనిక్_నెల్లూరు:

"తెల్లబట్ట", "అధిక రక్తస్రావం" అని రాయకండి. ఆ మాటలు చూస్తే మాత్రలిచ్చి పంపే ప్రమాదం ఉంది. ఈ వరుసలో రాయండి: వయసు, నెలసరి ఆగి ఎన్నేళ్లు, రక్తం మొదట కనపడిన తేదీ, ఎన్నిసార్లు, బరువు, ఎత్తు, నడుము, షుగరు బీపీ ఉన్నాయా, టామాక్సిఫెన్ గానీ హార్మోన్ మాత్రలు గానీ రక్తం పలచబడే మాత్రలు గానీ వాడుతోందా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు లేదా గర్భసంచి కేన్సర్ వచ్చిందా. కింద ఒక్క వాక్యం: "నెలసరి ఆగిన తర్వాత రక్తస్రావం, టీవీఎస్ స్కాన్, ఎండోమెట్రియల్ బయాప్సీ కోసం". వీఐఏ ఫలితం రాసినా పక్కనే "ముఖద్వారం మాత్రమే" అని రాయండి. ఆ మనిషికి చెప్పాల్సింది, రక్తం ఆగిపోయినా వెళ్లాల్సిందేనని. వెళ్లే రోజుకు ఆగిపోయిందని సగంమంది బస్సెక్కరు. రెండు వారాల్లో రిపోర్ట్ రాకపోతే మీరే ఫోన్ చేసి అడగండి. పాత ఆపరేషన్ కాగితాలు, స్కాన్లు ఏమున్నా సంచిలో పెట్టి పంపండి.